ఏడూ పెట్టలే

నీళ్ల గిన్నెలు పదకొండు. రోజూ ఉదయం ఆరున్నరకల్లా వాటిని పెరటి కుళాయి దగ్గరికి మోసుకొచ్చి, అడుగున పట్టిన పాచిని బ్రష్షుతో గీకి, కడిగి, నింపి, పక్షుల జాలీగదుల్లో ఏ గదిది ఆ గదిలో పెట్టి రావాలి. ముప్ఫై ఒక్క ఏళ్లుగా లీవే చేస్తున్న పని ఇది. సెప్టెంబరు నెలాఖరు వచ్చేసరికి ఆ నీళ్లు వేళ్లని కొరుకుతాయి. అరవై రెండేళ్ల నడుం ఒకసారి వంచితే మళ్లీ నిలబడటానికి కుళాయి గొట్టం పట్టుకోవాల్సి వస్తోంది. ఎనిమిదో గిన్నె కడుగుతుండగా భర్త ఫిర్మిన్ కాఫీ కప్పుతో వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"ఆదివారం మీటింగుకి నువ్వు కూడా రావాలి, లీవే."

"శాండ్‌విచ్‌లు ఎన్ని చెయ్యమంటావ్?" అంది తల ఎత్తకుండా.

"శాండ్‌విచ్‌ల కోసం కాదు. నువ్వొక మాట చెప్పాలి. రెండు నిమిషాల పని."

ముప్ఫై ఒక్క ఏళ్లలో ఆ పక్షుల సంఘం మీటింగులో ఆమెని మాట చెప్పమని అడిగినవాళ్లు లేరు. రొట్టె కోసి పెట్టమన్నారు, కాఫీ కలపమన్నారు, ప్రదర్శన ముందురోజు బోనులు తుడవమన్నారు. ఆమె బ్రష్షు పక్కన పెట్టి నడుం నిమురుకుంటూ లేచింది.

"ఏం మాట?"

"ఇంక్యుబేటర్లో గుడ్లు కలిసిపోయాయని. జెరోమ్ పొదగమని ఇచ్చిన గుడ్లూ మనవీ. పొరపాటున. నీ చేతుల మీదుగా." ఫిర్మిన్ కప్పులోకి చూస్తూ ఆగాడు. "పొరపాట్లు ఎవరికి జరగవు లీవే? ఎవరూ ఏమీ అనరు. ప్రెసిడెంటు గారు కూడా అదే అన్నారు, దాంతో సరిపోతుందని."

ఆమె మళ్లీ బ్రష్షు అందుకుంది. మిగిలిన మూడు గిన్నెలు కడిగింది. కోపం రావాల్సిన చోట ఆమెకి ఈ మధ్య నిద్ర వస్తోంది. ఎక్కడైనా కాసేపు కూర్చుని కళ్లు మూసుకుంటే చాలనిపిస్తుంది.

ఫిర్మిన్ పెంచే బంగారు ఫెజంట్లకి, నెమలీ కోడీ కలిసినట్టుండే ఆ పక్షులకి, ఆ చుట్టుపక్కల ఫ్లాండర్స్ ఊళ్లన్నిటిలో పేరుంది. పుంజు నెత్తిన పసుపు జుట్టు, మెడ చుట్టూ నారింజ రంగు విసనకర్ర, పొట్టంతా మండే ఎరుపు. ఎవరొచ్చినా జాలీ ముందు నిలబడి పుంజులనే చూస్తారు. పెట్టలు గోధుమరంగు చారలతో మట్టిలో మట్టిలా తిరుగుతుంటాయి, వాటి మీద ఎవరి కళ్లూ నిలవవు. పోస్టాఫీసులో పనిచేసే రోజుల నుంచీ ఫిర్మిన్ ఈ ఒక్క రంగునే కాపాడుకుంటూ వచ్చాడు. వేరే రకం ఫెజంటుతో కలిపితే పిల్లలు ఎంత అందంగా పుట్టినా కల్తీయే అని ఆయన పట్టుదల. కాపాడటమంటే, జంటలు కట్టడం ఆయన పని. తక్కినదంతా ఆమెది. గుడ్లు ఏరడం, ప్రతి గుడ్డు మీదా పెన్సిల్‌తో గది అక్షరమూ తేదీ రాయడం, ఇంక్యుబేటర్లో రోజుకి మూడుసార్లు తిప్పడం, దీపం ముందు పెట్టి లోపల ప్రాణముందో లేదో చూడటం, పిల్లలు లేచాక ఉడికిన గుడ్డునీ లేత దురదగొండాకునీ సన్నగా తరిగి పెట్టడం. తరిగి తరిగి ఆమె కుడి బొటనవేలి కొన మొద్దుబారిపోయింది, వేడి పాత్ర తగిలినా తెలియదు. ఇవన్నీ ఆమె వృద్ధాశ్రమంలో నేలలు తుడిచే ఉద్యోగానికి వెళ్లకముందూ, తిరిగొచ్చాకా చేసింది. గెంట్ ప్రదర్శనలో కప్పు గెలిచిన ఏడాది సంఘం పత్రికలో ఫోటో వేశారు. అందులో ఫిర్మిన్ నవ్వుతున్నాడు. బోను అడుగున, దాన్ని పైకెత్తి పట్టుకున్న ఒక చెయ్యి మణికట్టు దాకా కనిపిస్తుంది. చేతి గడియారాన్ని బట్టి అది ఎవరిదో కూతురు కాత్రైన్ గుర్తుపట్టింది.

ఇంకొక పని కూడా ఆమెదే. పనికిరాని పక్షుల మెడ విరవడం. "నా వల్ల కాదు లీవే, నాకు మనసొప్పదు," అనేవాడు ఫిర్మిన్. బతికున్న రోజుల్లో అత్తగారు జుల్మా దానికి తానా అంటే తందానా అనేది. "మావాడిది వెన్న మనసు. నీ మనసు గట్టిది, నీకేం?" గట్టి మనసున్న మనిషి కాబట్టి ఆమె ఆ పనికి ముందురోజు రాత్రి అన్నం తినలేకపోయేదని ఎవరికీ చెప్పలేదు.

ఈ ఏడాది వసంతంలో సంఘం ప్రెసిడెంటు ఓడిలోన్ తన దగ్గరున్న మేలుజాతి పుంజుని ఫిర్మిన్‌కి ఇచ్చాడు. ఓడిలోన్‌కి ఎనభై ఏళ్లు. ఆయన పెరట్లో పుట్టిన పక్షంటే సంఘంలో ఎవరూ ఎదురు ప్రశ్న వెయ్యరు. కాలికి ఆయన నంబరు చెక్కిన రింగు ఉంటే చాలు. ఆ రింగు పిల్లగా ఉన్నప్పుడే కాలికి ఎక్కించాలి. పాదం పెరిగాక ఎక్కదు, ఎక్కించినది ఊడి రాదు. అందుకే దాన్నందరూ పుట్టుకకి సాక్ష్యంగా చూస్తారు. ఫిర్మిన్ కూడా అంతే చేశాడు. రింగు చూశాడు, పుంజుని గదిలో వదిలాడు. ఆ రింగు పక్షి ఎవరింట్లో పుట్టిందో చెబుతుంది గాని లోపల ఏం మోస్తోందో చెప్పదు. ఇంతకాలం రంగులతో బతికిన మనిషికి అది గుర్తు రాలేదు.

మే నెలలో ఇరవై నాలుగు పిల్లలు లేచాయి. అందులో ఏడింటి నూగు లేతగా ఉంది. మొదట దీపం వెలుగులో అలా కనిపిస్తోందేమో అనుకుంది లీవే. ఈకలొచ్చాక అనుమానం తీరిపోయింది. ఆ ఏడూ దాల్చినచెక్క రంగు. ఫిర్మిన్ ఇంట్లో ముప్ఫై ఒక్క ఏళ్లలో ఎన్నడూ రాని రంగు.

"ఏం చేశావ్?" అన్నాడు ఫిర్మిన్ ఆరోజు. ఏమైంది అనలేదు. ఏం చేశావ్ అన్నాడు.

ఆ మాట ఆమెకి కొత్తది కాదు. కాత్రైన్ పుట్టినప్పుడు నెత్తి నిండా రాగి తీగల్లాంటి ఎర్ర జుట్టు. బాప్తిస్మం రోజున చక్కెర పూసిన బాదం పప్పులు పంచుతూ, చుట్టాలందరూ ఉండగా జుల్మా అంది, "మా వంశంలో ఈ జుట్టు ఎవరికీ లేదమ్మా. ఇది ఎక్కడి నుంచి తెచ్చావో నువ్వే చెప్పాలి." అందరూ నవ్వారు. ఫిర్మిన్ నవ్వలేదు, తల్లిని ఆపలేదు కూడా. ప్లేటులో బాదం పప్పులు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాడు. చాలా ఏళ్ల తర్వాత ఒక సాయంత్రం ఆయనే బల్ల దగ్గర పక్షుల పుస్తకం తెరిచి ఉత్సాహంగా చదివి వినిపించాడు. కొన్ని రంగులు తల్లి వైపూ తండ్రి వైపూ రెండు వైపులా దాగి ఉంటేనే పిల్లలో బయటికొస్తాయట. లీవే ఎదురుగా కూర్చుని లెక్కలు చేసుకుంటున్న కాత్రైన్ నెత్తి వైపు చూసింది. ఆమె ఎటు చూస్తోందో ఫిర్మిన్ చూశాడు. పేజీ తిప్పాడు. ఆ సాయంత్రాన్ని లీవే మర్చిపోలేదు. పక్షుల దగ్గర అంత లెక్క తెలిసిన మనిషి, సొంత కూతురి దగ్గర లెక్క రానట్టు నటించాడు. నటించడం సులువు కాబట్టి నటించాడు.

ఈ దాల్చినచెక్క రంగు నడిచే తీరు వేరు. అది కూడా ఆయన చదివి వినిపించిన పుస్తకంలోదే. పెట్టకి ఈ రంగుని దాచుకునే చోటు లేదు. ఉందంటే ఒంటి మీద కనిపించి తీరుతుంది. పుంజు మాత్రం పైకి ఎర్రగా మెరుస్తూనే, లోపల దీన్ని మోసుకుంటూ జీవితమంతా దొరక్కుండా తిరగగలడు. అలాంటి పుంజుని మామూలు పెట్టతో కలిపితే కొడుకులందరూ తండ్రిలాగే ఎర్రగా పుడతారు. కూతుళ్లలో సగం మంది లేతరంగులో బయటపడతారు. తండ్రి దాచింది కూతుళ్ల ఒంటి మీదే తేలుతుంది.

ఆగస్టుకల్లా ఏది పుంజో ఏది పెట్టో తెలిసిపోయింది. పన్నెండు పుంజులు, పన్నెండు పెట్టలు. పుంజులన్నీ మామూలు రంగే. లేతరంగువి ఏడూ పెట్టలే. తెలిసిన రోజున లీవే చేతిలో గింజల డబ్బాతో జాలీ ముందు చాలాసేపు నిలబడిపోయింది. ఆ డబ్బా పట్టుకునే లోపలికి వెళ్లి చెప్పింది.

"ఓడిలోన్ పుంజులోంచి వచ్చింది ఫిర్మిన్. చూసుకో, ఏడూ పెట్టలే."

ఆయనకి తెలుసు. ఆయన మొహం చూస్తేనే తెలిసిపోయింది, ఆమె కంటే ముందే ఆయనకి తెలుసని. "అలాంటి మాటలు బయట అనకు," అన్నాడు. "గెంట్‌లో ఈసారి న్యాయనిర్ణేతగా నా పేరు చెబుతానన్నారు ఆయన. ముప్ఫై ఏళ్లుగా ఎదురుచూస్తున్నాను లీవే. ఇప్పుడు వెళ్లి ఆయన పుంజు కల్తీదని చెప్పమంటావా?"

ఆమె కల్తీ అనలేదు. అయినా ఆయన మొహం చూసి జాలేసింది. ఆ జాలి మీదే కదా ఇన్నేళ్లూ సంసారం నడిచింది అనుకుంది. ఆయనకి కష్టంగా ఉంటుందని అత్తగారి మాటలు మింగింది. ఆయనకి మనసొప్పదని పక్షుల మెడలు విరిచింది. ఇప్పుడు ఆయన పరువు కోసం తనే ఏదో చేసిందన్న నింద కూడా మొయ్యాలి. జాలికి కూడా ఎక్కడో ఒక చోట హద్దుండాలి కదా అనిపించింది, కాని ఆరోజు అంతకంటే ముందుకి ఆలోచించే ఓపిక లేక బంగాళాదుంపలు ఒలవడానికి కూర్చుంది.

శనివారం మధ్యాహ్నం ఫిర్మిన్ కోటు బ్రష్ చేసుకుంటూ అన్నాడు, "రేపటి లోపు ఆ ఏడింటినీ కానిచ్చెయ్. మీటింగులో ఎవరైనా వచ్చి చూస్తామంటే ఇబ్బంది."

"పుంజులో?"

"పుంజులకేం? చూడటానికి బ్రహ్మాండంగా ఉన్నాయి. మేలుజాతి పత్రం ఇప్పిస్తానన్నారు ప్రెసిడెంటు గారు. పన్నెండూ అక్టోబరులో పోతాయి."

పన్నెండు పుంజులు. అందులో సగమైనా లోపల ఆ రంగుని మోస్తూ పన్నెండు పెరళ్లకి వెళ్తాయి, కాళ్లకి రింగులతో, పత్రాలతో. ఒకటి రెండేళ్లలో ఆ ఇళ్లలోనూ లేత నూగు పిల్లలు లేస్తాయి. ఆ ఇళ్లలోనూ ఇంక్యుబేటర్ దగ్గర గుడ్లు తిప్పేది ఎవరో ఒక ఆడదే అయ్యుంటుంది. ఏం చేశావ్ అని ఆమెనే అడుగుతారు.

లీవే ఏప్రాన్ కట్టుకుని జాలీగదిలోకి వెళ్లింది. మొదటి పెట్టని పట్టుకోవడం కష్టం కాలేదు, చేతిలో తిన్న పక్షి. చంకలో ఇరికించుకుని ఎడమచేత్తో కాళ్లు పట్టుకుంది. జూన్‌లో ఆ కాళ్లకి రింగులు ఎక్కించింది ఆమే. మూడు వేళ్లు ముందుకి దగ్గరగా చేర్చి, వెనక వేలు మీద నుంచి నెమ్మదిగా జరిపి. రింగు మీద ఉన్నది ఫిర్మిన్ నంబరు. ఆ ఇంట్లో పుట్టిన ప్రతి పక్షి కాలి మీదా ఆయన నంబరే. ఆ పెట్ట ఆమె ఏప్రాన్ బొత్తాన్ని ఒకసారి పొడిచి చూసి, తినేది కాదని తెలుసుకుని, మెడ ముడుచుకుని కళ్లు మూసింది. గుప్పెడంత వెచ్చదనం. లేత ఈకల కింద గుండె మామూలుగానే కొట్టుకుంటోంది, దానికి తను చేసిన తప్పేమిటో తెలియదు. తప్పు చేయనివాళ్లకి అది తెలిసే అవకాశమే లేదని లీవేకి ఒళ్లు మండింది. ఎన్నాళ్లకో నిద్ర కాకుండా నిజంగా కోపమే వచ్చింది. పెట్టని కింద దించి, గుప్పెడు గోధుమలు చల్లి, తలుపు గడియ పెట్టి వచ్చేసింది.

"అయిపోయిందా?" అన్నాడు ఫిర్మిన్ లోపలి నుంచి.

"లేదు. నాకు మనసొప్పలేదు," అంది లీవే.

ఆయన నవ్వాలా వద్దా తేల్చుకోలేక కోటు తగిలించడానికి వెళ్లిపోయాడు.

మీటింగు చర్చి పక్కన ఉన్న కెఫేలో, వెనక గదిలో. ఆదివారం పదింటికి పద్నాలుగు మంది మగవాళ్లు బల్లల చుట్టూ చేరారు. కొందరి ముందు కాఫీ, కొందరి ముందు అప్పుడే బీరు. లీవే కొనల దగ్గర అరిగిపోయిన బజారు సంచీ ఒళ్లో పెట్టుకుని ఫిర్మిన్ పక్కన కూర్చుంది. సంచీలో నీలం అట్ట పుస్తకం ఒకటుంది. కాత్రైన్ స్కూల్లో సగం వాడి వదిలేసిన లెక్కల పుస్తకాలను లీవే పారెయ్యలేదు. వెనక పేజీల్లో గుడ్ల వివరాలు రాసుకుంటూ వచ్చింది. అలాంటివి ఇంట్లో పంతొమ్మిది ఉన్నాయి.

"ఏంటి అమ్మాయ్, ఇవాళ రొట్టెలు తేలేదా?" అన్నాడు ఓడిలోన్ తెల్లమీసం తుడుచుకుంటూ. అరవై రెండేళ్ల మనిషిని ఆయన ఇప్పటికీ అమ్మాయ్ అనే పిలుస్తాడు. గదిలో నలుగురు నవ్వారు.

"ఇవాళ మాట చెప్పమన్నారుగా," అంది లీవే.

"ఆఁ ఆఁ. అదొక చిన్న విషయం, ముందే తేల్చేద్దాం." ఓడిలోన్ కళ్లజోడు సర్దుకుని అందరి వైపూ తిరిగాడు. "ఫిర్మిన్ పిల్లల్లో రంగు తేడా వచ్చిందని మీరంతా విన్నారు. భయపడాల్సిందేం లేదు. జాతిలో లోపం కాదది. జెరోమ్ వాళ్ల దాల్చినచెక్క రంగు పక్షుల గుడ్లు కూడా ఫిర్మిన్ ఇంక్యుబేటర్లోనే పెట్టారు కదా, అక్కడ కలిసిపోయాయి. ఆడవాళ్లకి ఇంట్లో సవాలక్ష పనులు, అన్నీ గుర్తుంటాయా? పుంజులకి పత్రం ఇచ్చేద్దాం. ఏమంటావ్ అమ్మాయ్, అంతేగా?"

ఫిర్మిన్ బల్ల కింద ఆమె మోచేతిని మెల్లగా తాకాడు. బతిమాలుతున్న చెయ్యి. ఆ చేతిని ఆమె నలభై ఏళ్లుగా ఎరుగును. ఒక్క ఊఁ చాలు. ఊఁ అంటే మధ్యాహ్నం కారులో ఆయన ఈలవేస్తాడు, సాయంత్రం ఆమె ఏడు మెడలు విరుస్తుంది, నవంబరులో గెంట్‌లో ఆయన న్యాయనిర్ణేతల తెల్లకోటు వేసుకుని నిలబడతాడు. ఆ తెల్లకోటు ఇస్త్రీ చేసేది కూడా తనే. అదంతా కళ్లముందు కనపడగానే ఆమెకి ఎక్కడలేని అలసట కమ్ముకొచ్చింది. చెప్పకుండా ఊరుకునే ఓపిక ఇక లేదు.

సంచీలోంచి నీలం పుస్తకం తీసి బల్ల మీద పెట్టింది.

"జెరోమ్, నువ్వు ఏప్రిల్ ఇరవైన పన్నెండు గుడ్లు తెచ్చావు. అన్నిటి మీదా నీ అక్షరం రాశాను. మూడు చెడిపోయాయి, ఆ పెంకులు కూడా నీకు చూపించాను. తొమ్మిది పిల్లలు లేచాయి. తొమ్మిదీ పట్టుకెళ్లావు. అవునా?"

సంఘం కార్యదర్శి జెరోమ్ మీటింగు వివరాలు రాస్తున్న పెన్ను ఆపాడు. "అవును," అన్నాడు. "తొమ్మిదీ దాల్చినచెక్క రంగే. నాలుగు పుంజులు, ఐదు పెట్టలు."

"మా వాటిలో ఏడు లేతరంగువి," అంది లీవే. గొంతు పెంచలేదు. "ఏడూ పెట్టలే. ఒక్క పుంజు కూడా లేదు."

అక్కడున్న పద్నాలుగు మందిలో ఆ మాటకి అర్థం తెలియనివాడు లేడు. ఓడిలోన్ వైపు చూడకూడదని అందరూ ప్రయత్నించారు, ఆ ప్రయత్నంలో అందరూ ఆయన్నే చూశారు. ఆయన మెడ కిందనుంచి చెవుల దాకా ఎర్రబడింది.

"నా పుంజు అనా నీ ఉద్దేశం?" అన్నాడు చివరికి. ఈసారి అమ్మాయ్ అనలేదు.

"నా ఉద్దేశం ఏం లేదండీ. మీరందరూ చదివిన పుస్తకంలోదే. ఆ పన్నెండు పుంజుల్లో ఏవి మోస్తున్నాయో మనకి తెలియదు. తెలియకుండా పత్రం ఇస్తే రేపు ఇంకో పన్నెండు ఇళ్లలో గుడ్లు కలిసిపోయాయంటారు. నేను కలపలేదు. ముప్ఫై ఒక్క ఏళ్లలో ఒక్క గుడ్డు కూడా కలపలేదు."

ఫిర్మిన్ చెయ్యి ఆమె మోచేతి మీద నుంచి జారిపోయింది. ఆయన బల్ల మీద మరక వైపు చూస్తూ కూర్చున్నాడు. బాప్తిస్మం రోజున బాదం పప్పుల వైపు చూసినట్టే. లీవేకి బాధ వేసింది. ఆ బాధని మొయ్యడం ఈసారి ఆయన వంతు. ఆయన తల ఎత్తకుండానే అన్నాడు, "పత్రాలు వద్దులెండి ప్రెసిడెంటు గారూ. ఆమె రాసింది తప్పయ్యే అవకాశం లేదు."

ఓడిలోన్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఎవరో కుర్చీ జరిపారు. ఇంకెవరో బీరు తెమ్మని కేకేశారు. జెరోమ్ తడబడుతూ తరవాతి విషయానికి వెళ్లాడు. వచ్చే ఏడాదికి కాలి రింగులు ఎవరెవరికి ఎన్ని కావాలో రాసుకునే రోజు అది. కాగితం ఒక్కొక్కరి ముందు నుంచీ జరుగుతూ వచ్చింది. ఫిర్మిన్ తన నంబరు పక్కన ఏదో అంకె వేసి, కాగితాన్ని అలవాటుగా ఆమె మీదుగా అవతలి మనిషికి అందించబోయాడు.

లీవే మధ్యలో చెయ్యి పెట్టి దాన్ని పట్టుకుంది.

"నాకు ఇరవై రింగులు కావాలి, జెరోమ్."

"ఫిర్మిన్ రాశాడుగా లీవే. ఆయన నంబరు మీద ఇంకో ఇరవై కలపమంటావా?"

"ఆయన మీద వద్దు. ఏడు పెట్టలున్నాయి నాకు. వాటి పిల్లలకి."

జెరోమ్ ఫిర్మిన్ వైపు చూశాడు, తరవాత ఓడిలోన్ వైపు చూశాడు. కాగితం వెనక్కి తీసుకుని కొత్త గీత గీసి, దాని మీద అలవాటు కొద్దీ ఫిర్మిన్ ఇంటిపేరు రాయడం మొదలుపెట్టాడు. లీవే సంచీలోంచి గుర్తింపు కార్డు తీసి ఆయన పెన్ను పక్కన పెట్టింది. ఆ దేశంలో పెళ్లైనా ఆడదాని సొంత ఇంటిపేరు కార్డు మీద అలాగే ఉంటుంది. దాన్ని ఎవరూ పలకరు, అంతే.

"అందులో ఉన్నట్టు రాయి. గోడెలీవ్ బాటెన్స్," అంది, అందరూ లీవే అని కుదించేసిన పేరుని పూర్తిగా పలికి. "రాశావా? ఇప్పుడు చెప్పు, నా నంబరెంత?"